ఉభయపదార్థ ప్రధానం

సమాసాలు బోధించేటప్పుడు ముప్ఫై మూడేళ్ళపాటు నేను నల్లబల్లమీద రాస్తూ వచ్చిన ఉదాహరణ "రామలక్ష్మణులు". తత్పురుషంలో ఉత్తరపదానిది పెత్తనం. బహువ్రీహిలో కనబడే రెండు పదాలకూ ప్రాధాన్యం లేదు. బయట నిలిచిన మూడవవానిది ప్రాధాన్యం. "చక్రపాణి" అన్నప్పుడు చక్రమూ కాదు, పాణీ కాదు, విష్ణువు. ద్వంద్వంలో మాత్రమే రెండు పదాలూ సమానంగా నిలుస్తాయి. ఒకటి మరొకదానికి విశేషణం కాదు, సేవకి కాదు. దీనిని ఉభయపదార్థ ప్రధానమన్నారు మన పెద్దలు.

ఈ పాత పాఠాన్ని మళ్ళీ నెమరువేసుకునేటట్లు చేసినది ఒక వీడియో గేము అంటే పాఠక మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. కావ్యాలూ ప్రబంధాలూ వదిలి మాస్టారికి ఈ తుపాకుల గోల ఎందుకని నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి. ఆ ఆట పేరు "హాఫ్-లైఫ్: డికే". 2001 నవంబరులో అమెరికాలో వెలువడింది. అంతకు మూడేళ్ళ ముందు, 1998లో, వాల్వ్ అనే సంస్థ రూపొందించిన "హాఫ్-లైఫ్" అన్న ప్రసిద్ధమైన ఆటకు ఇది ఒక అనుబంధం. ఒకరు ఆడే ఆటకు ఇద్దరు కలిసి ఆడే అనుబంధం.

ముందు పేరు సంగతి చెప్పాలి. తెలుగు పండితుణ్ణి కనుక పేరు విడదీయనిదే నాకు తోచదు. హాఫ్-లైఫ్ అంటే భౌతికశాస్త్రంలో అర్ధజీవితకాలం. రేడియోధార్మిక పదార్థంలో ఉన్న పరమాణువులలో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం. కార్బన్-14కు అది దాదాపు 5,730 సంవత్సరాలు. ఆ క్షయవేగాన్ని సూచించే స్థిరాంకానికి శాస్త్రజ్ఞులు వాడే గుర్తు లాంబ్డా అనే గ్రీకు అక్షరం. ఆ ఆటకు చిహ్నం కూడా అదే. ఇక డికే అంటే క్షయం.

ఇవన్నీ తెలుగు మాస్టారికి ఎలా తెలుసునంటే, నా అర్ధాంగి భౌతికశాస్త్రం బోధించేది. ఇద్దరం ఉపాధ్యాయులమే. మా ఇంట్లో ఒకే బల్లకు అటు నేను కూర్చుని ఛందస్సు తప్పులు దిద్దుతూ ఉంటే, ఇటు ఆవిడ కూర్చుని సూత్రాల తప్పులు దిద్దుతూ ఉండేది. అర్ధజీవితకాలం పాఠానికి ఆవిడ బడికి ఒక గుడ్డసంచి పట్టుకుపోయేది. అందులో అష్టాచెమ్మా ఆటకు వాడే, రెండు బద్దలుగా అరగదీసిన చింతగింజలు వంద. వాటిని పిల్లల చేత బల్లమీద వేయించి, తెల్లగా పడ్డవాటిని పక్కకు తీయించేది. మిగిలినవి ఏ యాభయ్యో ఉంటాయి. మళ్ళీ వేస్తే పాతిక. మళ్ళీ వేస్తే పన్నెండో పదమూడో. ఏ గింజ ఎప్పుడు తెల్లగా పడుతుందో ఎవరూ చెప్పలేరు, కాని సగం పోతాయని మాత్రం ముందే చెప్పవచ్చు, అదీ ఆ పాఠం. చివరికి ఒక్క గింజ మిగిలేది. అది ఒక్కొక్కసారి నాలుగైదు వేతలదాకా నల్లగానే పడుతూ మొండికేసేది. పిల్లలకు ఆ గింజ అంటే మహా ఇష్టం.

ఆవిడ 2019లో వెళ్ళిపోయింది. ఆ గుడ్డసంచి ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

2024లో నేను మా అబ్బాయి ఇంటికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. వాళ్ళు ఉండేది టెక్సస్ రాష్ట్రంలో ఫ్రిస్కో అనే ఊరు. తెలుగువారికి కొత్త ఊరేమీ కాదు; అక్కడి హనుమంతుని గుడిలో నిలబడితే గుంటూరులో ఉన్నామో టెక్సస్‌లో ఉన్నామో తెలియదు. ఈ అనుబంధాన్ని నిర్మించిన గేర్‌బాక్స్ అనే సంస్థ ఉండేది కూడా ఆ ఊళ్ళోనే. ఆట తయారైన నాటికి ఆ పక్కనే ప్లేనోలో ఉండేదట. మా వాడు చదువుకోవడానికి 2003లో ఆ దేశం వెళ్ళినప్పుడు, గదిలో తోటివాడైన విజయనగరం కుర్రవాడూ తానూ చెరి సగం డబ్బు వేసుకుని ఎవరో వాడి వదిలేసిన ప్లేస్టేషన్-2 యంత్రాన్ని కొన్నారట. దానితోబాటు వచ్చిన బిళ్ళలలో ఇదొకటి. పరీక్షలు అయిపోయిన రాత్రులు ఇద్దరూ తెల్లవార్లూ ఆడేవారట. ఆ మిత్రుడు తరువాత మరో దేశంలో స్థిరపడ్డాడు. యంత్రం మాత్రం అబ్బాయి దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు దానిని ఆడుతున్నవాడు నా మనవడు. పదిహేడేళ్ళవాడు. వాడు పుట్టి పెరిగిన ఊరు విడిచి తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా రెండేళ్ళ క్రితం ఫ్రిస్కోకు మారారు. స్నేహితులందరూ అక్కడే ఉండిపోయారు. ఇక్కడ బడి పెద్దది, పిల్లలు వేలమంది, వీడితో మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. మార్కులకు లోటు లేదు. అయినా భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయేవాడు. మా కోడలు బెంగపడి, "మామయ్యగారూ, ఆ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తే వాడు బాగుపడతాడేమో. మీరు ఎంతమంది పిల్లలను చూశారు! మీరే ఏదో ఒకటి చెప్పండి" అన్నది.

నేను వెంటనే తీర్పు చెప్పలేదు. పుస్తకం చదవకుండా పీఠిక రాయకూడదు కదా. ఆ సాయంత్రం వాడి గదిలోకి వెళ్ళి వెనుక కుర్చీలో కూర్చున్నాను.

కథ ఇదీ. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు ఎడారిలో, భూగర్భంలో, బ్లాక్ మీసా అనే రహస్య పరిశోధనాలయం. ఇది కల్పితం. కాని ఎడారిని ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. లోకంలో మొట్టమొదటి అణ్వస్త్రాన్ని 1945 జూలై 16న పేల్చి చూసినది న్యూ మెక్సికో ఎడారిలోనే. బ్లాక్ మీసాలో ఒకనాడు అపూర్వమైన స్ఫటికాన్ని ఒక యంత్రంలో పెట్టి పరీక్షిస్తారు. పరీక్ష వికటిస్తుంది. రెండు లోకాల నడుమ గోడ చిరిగి, జెన్ అనే పరలోకపు జీవులు పరిశోధనాలయంలోకి వచ్చిపడతాయి. మూల కథలో గోర్డన్ ఫ్రీమన్ అనే యువ శాస్త్రవేత్త ఆ యంత్రంలోకి స్ఫటికాన్ని తోసినవాడు; అతడే ఒంటరిగా ఆ ఆపదను ఈది బయటపడాలి. అతడు ఆటలో ఒక్క మాటైనా మాట్లాడడు. దూరంగా చేతిసంచి పట్టుకుని ఒక సూటు మనిషి కనబడుతూ, మాయమవుతూ ఉంటాడు. చివరికి తేలేదేమంటే, నడిచినదీ పోరాడినదీ గోర్డనే అయినా కథ మీద అధికారం ఆ సూటు మనిషిదని. విన్నవెంటనే నాకు తోచినది, ఇది బహువ్రీహి అని. ఫలం అన్యపదార్థానికి!

ఈ కథనే వేరు వేరు కళ్ళతో చెప్పడానికి అనుబంధాలు వచ్చాయి. 1999లో వచ్చిన "ఆపోజింగ్ ఫోర్స్"లో ఒక సైనికుడు నాయకుడు. 2001లోనే కొద్ది నెలల ముందు వచ్చిన "బ్లూ షిఫ్ట్"లో ఒక కాపలాదారు నాయకుడు. అన్నీ భౌతికశాస్త్ర పదాలే, అన్నిటిలోనూ నాయకుడు ఒక్కడే. "డికే" దగ్గరకు వచ్చేసరికి ఇద్దరు. ఇద్దరూ స్త్రీలు, ఇద్దరూ శాస్త్రవేత్తలు: జీనా క్రాస్, కొలెట్ గ్రీన్. తుపాకీ పట్టిన ఆటలలో మగవాడే ఎక్కువగా కనబడే ఆ రోజుల్లో ఈ ఎంపిక విశేషమే. సైన్సులో మంచి మార్కులు తెచ్చుకుని పదో తరగతితోనే పెళ్ళిపీటలెక్కిన ఆడపిల్లలను మా బడిలో నేనూ మా ఆవిడా ఎందరినో చూశాం. నాకు ఆ ఇద్దరి పేర్లూ వెంటనే నోటికి పట్టాయి.

మూలకథలో గోర్డన్ తోసిన స్ఫటికం అక్కడికి ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. "డికే"లో సమాధానం దొరుకుతుంది. దానిని పరీక్షా యంత్రం దగ్గరకు చేర్చే బాధ్యత జీనాది. ఆ తీవ్రమైన పరీక్షకు పరికరాలను సిద్ధం చేసే బాధ్యత కొలెట్‌ది. ఒక మహావిపత్తుకు ముందు, కనబడని చోట, ఇద్దరు తమ పని తాము చేసుకుంటూ పోయారన్నమాట. తరువాత వారే కెల్లర్, రోజెన్‌బర్గ్ అనే పెద్ద శాస్త్రవేత్తల మాట ప్రకారం ఆపదను అదుపు చేయడానికి పూనుకుంటారు. కెల్లర్ చక్రాల కుర్చీలో ఉండే మనిషి. ఆయన కూర్చున్నచోటు నుండి దారి చెబుతాడు, వీరు నడుస్తారు.

ఆటలో తెర రెండు భాగాలవుతుంది. ఒక భాగం జీనా చూపు, రెండవది కొలెట్ చూపు. యంత్రానికి రెండు కంట్రోలర్లు, చెరొకటి. కానీ మా మనవడి చేతిలో ఒకటే ఉంది. రెండవది సొరుగులో తీగ చుట్టిపెట్టి ఉంది.

"ఇది ఇద్దరు ఆడవలసిన ఆట కదరా?" అన్నాను.

"ఒక్కళ్ళు కూడా ఆడొచ్చు తాతయ్యా. ఈ బటన్ నొక్కితే ఆవిడ, మళ్ళీ నొక్కితే ఈవిడ."

"మరి ఒకరిని నడిపిస్తూ ఉంటే రెండో ఆవిడ?"

"మనం వచ్చేదాకా అక్కడే ఆగుతుంది."

అంటూనే వాడు జీనాను ఒక గదిదాకా నడిపించి ఆపాడు. మీట నొక్కి కొలెట్ అయ్యాడు. కొలెట్‌ను జీనా దగ్గరకు తెచ్చాడు. మళ్ళీ జీనా అయ్యాడు. రెండు పాత్రలూ వాడే. ముందు వెళ్ళేదీ వాడే, వెనుక కాపు కాచేదీ వాడే. ఎంతో నేర్పుగా ఆడుతున్నాడు, ఒక్క మాటైనా లేకుండా.

మిత్రులారా, నాకు ఆ దృశ్యం కొత్తగా అనిపించలేదు. అయిదేళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్నది అదే. పొద్దున్నే కాఫీ కలిపి, "ఇదిగో, చల్లారిపోతుంది" అని ఒక మనిషిగా అనుకుని, వెళ్ళి కుర్చీలో కూర్చుని మరొక మనిషిగా అందుకుంటున్నవాణ్ణి నేను. తలుపు వేశానా అని అడిగేదీ నేనే, వేశానని చెప్పేదీ నేనే. మీట నొక్కితే ఆవిడ, మళ్ళీ నొక్కితే నేను. అన్ని పనులూ జరుగుతూనే ఉంటాయి, ఎక్కడా ఏ లోటూ కనబడదు. ఆ పిల్లవాడి వీపు చూస్తూ కూర్చుంటే, వాడిని పట్టుకున్నది ఆట వ్యసనం కాదని నాకు స్పష్టంగా బోధపడింది. ఇద్దరి కోసం కట్టిన ఇంట్లో వాడు ఒక్కడే తిరుగుతున్నాడు.

సొరుగు తీసి ఆ రెండవ కంట్రోలర్ పట్టుకున్నాను. "దీనిని ఎటు పట్టుకోవాలో చెప్పు" అన్నాను.

వాడు తలతిప్పి చూశాడు. "నువ్వా?" అన్నాడు. ఆ వేసవిలో వాడి ముఖాన నవ్వు చూడడం అదే మొదటిసారి.

తరువాతి కొన్ని వారాలు నాకు విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణం తలపుకు రాని సాయంత్రం లేదు. ఉత్తరుడు యోధుడు, బృహన్నల సారథి అని బయలుదేరుతారు. కౌరవసేన కంటబడగానే ఉత్తరుడు రథం దిగి పరుగు తీస్తాడు. బృహన్నల వాణ్ణి పట్టి తెచ్చి, జమ్మిచెట్టు మీది గాండీవం దింపించి, స్థానాలు మారుస్తాడు. ఇప్పుడు ఉత్తరుడు సారథి, బృహన్నల యోధుడు. ఉత్తరుడు పిరికివాడని నవ్వి వదిలేస్తాం కాని, ఆ సేనల మధ్య పగ్గాలు పట్టి రథం నడిపినవాడు వాడే కదా! తిక్కన గారు ఆ కుర్రవాణ్ణి హాస్యానికే వదిలేయకుండా చివరిదాకా రథం మీద నిలిపారు. మా గదిలో ఉత్తరుణ్ణి నేను. ఒక చేతి వేలితో నడవాలి, మరొక చేతి వేలితో చూడాలి. మొదటి రోజు నేను నడిచినంతసేపూ పైకప్పును చూస్తూ నడిచాను.

వాడు ఓపికగా నేర్పాడు. అదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. వాడికి తెలుగు అర్థమవుతుంది కాని పలకడానికి మొహమాటం. అట్లాంటివాడు ఆపద మీదకు వస్తుంటే "తాతయ్యా, వెనక్కి చూడు! ఎడమ! ఆగు, నేను ముందు వెళ్తా!" అని గుక్కతిప్పుకోకుండా కేకలు పెట్టేవాడు. వంటింట్లో నుండి కోడలు తొంగిచూసి, "వీడికి ఇంత తెలుగు ఎప్పుడు వచ్చింది?" అన్నది. విధ్యర్థక క్రియలన్నీ వారం రోజుల్లో వాడి నోటికి వచ్చేశాయి. గోడకు ఉన్న చికిత్సా యంత్రం దగ్గర ముందు నన్ను నిలబెట్టి, తాను కాపు కాసేవాడు. "నీకు తక్కువ ఉంది, నువ్వు తీసుకో" అనేవాడు.

ఆటలో ఒక ఘట్టం నన్ను చాలా రోజులు వెంటాడింది. జీనా, కొలెట్ కలిసి రోజెన్‌బర్గ్‌ను భూమి పైకి చేరుస్తారు. ఎందుకంటే సైన్యానికి కబురు పంపి సహాయం అడగడానికి. కబురు అందుతుంది, సైన్యం వస్తుంది. మూలకథ తెలిసినవారికి ఆ సైన్యం ఎందుకు వచ్చినదో తెలుసు. రహస్యం బయటపడకుండా శాస్త్రవేత్తలను కూడా చంపడానికి. మంచి బుద్ధితో, ప్రాణాలకు తెగించి చేసిన పని అట్లా పరిణమించింది. మనవడు అడిగాడు: "అయితే వాళ్ళది తప్పా తాతయ్యా?" నేను చెప్పాను: "పిలవడం తప్పు కాదురా. ఆ వచ్చినవాడి మనసు వీళ్ళ చేతిలో లేదు." వాడు కొంతసేపు ఊరుకుని, "బడిలో నేను ఎవరినీ పిలవను. ఎట్లాంటివాళ్ళు వస్తారో తెలీదు కదా" అన్నాడు. రెండేళ్ళలో వాడు ఇంట్లో ఎవరితోనూ అనని మాట అది. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం కనుక అనగలిగాడని నా నమ్మకం. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీ బాధేమిటి?" అని అడిగితే ఏ పిల్లవాడూ చెప్పడు. భుజం పక్కన భుజం ఉన్నప్పుడు చెబుతాడు.

ఆట చివర ఇద్దరు స్త్రీలూ లోకాల నడుమ చిరుగును మూయడానికి తోడ్పడే పరికరాన్ని నడిపించి, ఆ చిరుగులోకే లాగబడబోయి, క్షేమంగా కెల్లర్ దగ్గరకు తిరిగి వస్తారు. ప్రతి ఘట్టానికీ గురి ఎంత, తగిలిన దెబ్బలెన్ని అని లెక్కవేసి మార్కులు ఇస్తుంది యంత్రం. అన్నిటిలోనూ ప్రథమశ్రేణి వస్తే ఒక రహస్య ఘట్టం తెరుచుకుంటుంది. అందులో మనం ఆ ఇద్దరు స్త్రీలం కాము. అంతవరకూ మనం కాల్చిన పరలోకపు జీవులలో ఇద్దరం! వోర్టిగాంట్లు అనే ఆ జీవుల మెడకు పట్టీ, చేతులకు సంకెళ్ళు. వాళ్ళు బానిసలు. యజమాని ఆజ్ఞమీద, మనుషులు తీసుకుపోయిన స్ఫటికాలను తిరిగి తేవడానికి వచ్చినవాళ్ళు. నాకు వచ్చే మార్కులతో మేము ఆ ఘట్టం ఎన్నడూ తెరవలేకపోయేవాళ్ళమే. మా అబ్బాయి పాత రోజుల్లో దాచుకున్న మెమరీ కార్డులో అది తెరిచి ఉంది. శత్రువు కళ్ళతో అదే భవనాన్ని చూడడం, అక్కడా ఒక్కడు కాక ఇద్దరుగా నడవడం, ఏ కావ్యానికీ తీసిపోని ఊహ.

ఈ ఆటను ప్లేస్టేషన్-2కు తప్ప కంప్యూటర్లకు ఆ సంస్థలు విడుదల చేయలేదు. 2008లో ఉక్రెయిన్ దేశపు అభిమానులు కొందరు తామే కూర్చుని కంప్యూటర్ మీద ఆడేటట్లు దానిని మలిచారు. తాళపత్రాలకు ప్రతి రాసి కాపాడిన లేఖకుల వంటివారు. వారికి నా నమస్కారం.

తిరుగు ప్రయాణానికి వారం ముందు అబ్బాయినీ కోడలినీ కూర్చోబెట్టి నా తీర్పు చెప్పాను. "పెట్టె ఎవరికీ ఇవ్వకండి. కంట్రోలర్లలో రెండవది సొరుగులో ఉండకూడదు, అంతే. నేను వెళ్ళాక అది ఎవరు పడతారో మీరు తేల్చుకోండి." కోడలు మొగుడి వైపు చూసింది. వాడు ఆ రాత్రే ల్యాప్‌టాప్ మూసి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళ క్రితపు వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. విజయనగరం మిత్రుడికి ఫొటో తీసి పంపాడు కూడా.

నేను ఇంటికి వచ్చాక నాకూ ఒక పని పెట్టుకున్నాను. వెనుకటి రోజుల్లో పురాణ కాలక్షేపానికి ఇద్దరు ఉండేవారు. ఒకరు పద్యం చదివేవారు, మరొకరు అర్థం చెప్పేవారు. నేనేమో అయిదేళ్ళుగా చదివేదీ చెప్పుకునేదీ ఒక్కణ్ణే. మా రెండు వీధుల అవతల లెక్కల మాస్టారు ఒకరున్నారు. నాకు తోటి ఉద్యోగి, ఆయనా ఒంటరివారే. వెళ్ళి పిలిచాను. ఇప్పుడు రోజూ సాయంత్రం విరాటపర్వం. నేను పద్యం చదువుతాను, ఆయన అర్థం చెబుతారు. అన్వయం తప్పితే నేను అడ్డం పడతాను, ఆయన ఒప్పుకోరు. ఒక్కొక్క పద్యం దగ్గర గంట పడుతోంది. కాఫీ ఇద్దరికీ కలుపుతున్నాను.

మనవడు 2025లో కాలేజీలో చేరి హాస్టలుకు వెళ్ళాడు. పెట్టె వెంట తీసుకుపోయాడు. కంట్రోలర్లు రెండూ సర్దానని వాళ్ళ అమ్మ చెప్పింది. మొన్న ఫోనులో గదిలో తోటివాడి సంగతి అడిగితే, "బాగానే ఉన్నాడు తాతయ్యా. కానీ ఆటలో నీకన్నా నెమ్మది. నేర్పుతున్నా" అన్నాడు.